గాజు తొట్టిలో తొలకరి

"తాతయ్యా, ఫిల్టర్లో దారం కదులుతోంది!"

2024 మే నెలాఖరు. యూఏఈలోని అల్ ఐన్‌లో మా అబ్బాయి వాళ్ల ఫ్లాటు. స్నానాలగదిలోంచి మా మనవరాలు పెట్టిన కేక అది. నెలకో రెండు నెలలకో ఒకసారి చేపల తొట్టి ఫిల్టర్ డబ్బా విప్పి, లోపలి స్పాంజిలను బకెట్ నీళ్లలో పిండి కడగడం తండ్రీకూతుళ్లు కలిసి చేసే పని. నేను కళ్లజోడు వెతుక్కుని వెళ్లేసరికి బకెట్ అడుగున, నల్లటి మడ్డి మధ్య, సగం అగ్గిపుల్లంత పోగు ఒకటి మెలికలు తిరుగుతోంది. లేత పసుపు ఒంటి మీద గోధుమరంగు పట్టీలు. సూదిమొనల్లాంటి రెండు కళ్లు.

"దారం కాదే తల్లీ, పిల్ల" అన్నాను.

"ఎవరి పిల్ల?"

అదే అసలు ప్రశ్న. తొట్టిలో కూలీ లోచ్ అనే చేపలు ఆరున్నాయి. కొనేటప్పుడు కొట్టువాడు, ఇవి ఇళ్లలో గుడ్లు పెట్టవు, వీటి పిల్లల మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పే ఇచ్చాడట. రెండేళ్లు ఆ మాటే నిజమైంది. ఇప్పుడు ఒకటి కాదు, స్పాంజిలు పిండగా పిండగా మూడు పిల్లలు బయటపడ్డాయి. మా అబ్బాయి ఆ మడ్డి నీళ్లను టీ జల్లెడతో మళ్లీ మళ్లీ వడగట్టాడు. అన్నం చల్లారిపోతున్నా ఎవరూ లేవలేదు.

"కూలీ అంటే పనివాళ్లా తాతయ్యా?" అని మా మనవరాలు చాలా రోజుల కిందటే అడిగింది. ఈ ఊళ్లో మన తెలుగువాళ్లు ఎందరో కూలిపని చేసుకుని బతుకుతున్నారు కాబట్టి దానికి ఆ అనుమానం రావడం సహజం. కాదు. అది ఒక మనిషి పేరు. హైన్‌రిక్ కూల్ అనే జర్మన్ కుర్రవాడు 1820 చివర్లో తన స్నేహితుడు వాన్ హాసెల్ట్‌తో కలిసి జావా దీవిలో దిగాడు. అక్కడి జంతువులను వర్ణించి, బొమ్మలు గీయించి, సేకరించి పంపడం వాళ్ల పని. దిగిన ఏడాదిలోపే, 1821లో, కూల్ జబ్బుచేసి చనిపోయాడు. అప్పటికి అతనికి నిండా 24 ఏళ్లు లేవు. మరో రెండేళ్లకు స్నేహితుడూ పోయాడు. తర్వాత 1846లో ఫ్రాన్సులో వలాన్‌సియెన్ అనే శాస్త్రవేత్త ఈ చిన్న చేపకు కూల్ పేరు పెట్టాడు. ఏ మనిషి పేరు ఎక్కడ నిలుస్తుందో చూడండి. జావా బురదలో తిరిగే వేలెడు చేప ఒంటి మీద నిలిచింది.

లోచ్ అన్నది ఒక చేప పేరు కాదు, ఒక పెద్ద వంశం పేరు. వెయ్యికి పైగా జాతులున్నాయి. మన బొచ్చెకీ శీలావతికీ ఇవి దాయాదులు. నోటి చుట్టూ మీసాలు, నేలబారు బతుకు, రాళ్ల కిందా ఆకుల కిందా దూరే అలవాటు. మన నేలకు కొత్తవేమీ కావు. తుంగ నదిలో దొరికిన చారల లోచ్‌ను 1920లో లోకానికి చెప్పినవాడు బెంగళూరు సెంట్రల్ కాలేజీలో పాఠాలు చెప్పిన సి. ఆర్. నారాయణరావు. తర్వాత 1932లో 'కరెంట్ సైన్స్' పత్రిక మొదలైనప్పుడు దాని తొలి సంపాదకుడూ ఆయనే. ఆ తుంగ నీళ్లే భద్రతో కలిసి, తుంగభద్రై, మన సంగమేశ్వరం దగ్గర కృష్ణలో పడతాయి. మొన్నమొన్న 2020లో కవ్వాల్ పులుల అడవిలో మైసమ్మ లొద్ది అనే వాగులో ఇంకో కొత్త లోచ్ దొరికితే దానికి తెలంగాణ పేరే పెట్టారు. వందేళ్ల తేడాలో రెండు చేపలు, రెండూ మన నదుల నీళ్లు తాగినవే. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాలని నాకు గట్టి కోరిక.

సరే, పిల్లల సంగతికి వద్దాం.

ఆ ఏడాది ఏప్రిల్ 16, మంగళవారం, ఈ దేశంలో అప్పుడున్న వాళ్లెవరూ మరిచిపోయే రోజు కాదు. ముందు రోజు నుంచే మబ్బులు. బళ్లు మూసి పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. తర్వాత కురిసింది చూడండి వాన! అల్ ఐన్ ప్రాంతంలోని ఖతమ్ అల్ షక్లాలో 24 గంటలు నిండకుండానే 254.8 మిల్లీమీటర్లు పడింది. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఈ దేశం చూసిన అతి పెద్ద వానల్లో అదొకటి. ఇక్కడ ఏడాది మొత్తం మీద పడేది 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే రెండేళ్ల వాన ఒక్క రోజులో కుమ్మరించిందన్నమాట. కొల్లేటి పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, వరద నాకు కొత్త కాదు. అయినా ఎడారి ఊళ్లో వీధి కాలవై పారుతుంటే కిటికీ దగ్గర నుంచి కదల్లేకపోయాను.

మా మనవరాలు మాత్రం కిటికీ వైపు చూడటం లేదు. తొట్టి ముందు కూర్చుంది. "తాతయ్యా, ఇవి పిచ్చెక్కినట్టు తిరుగుతున్నాయి" అంది. మామూలుగా పగలంతా రాళ్ల సందుల్లో దాక్కునే చేపలవి. సోమవారం సాయంత్రం నుంచే గాజు వెంట పైకి పోవడం, కిందికి రావడం, మళ్లీ పైకి పోవడం. ఇంట్లో వాన పడలేదు. తొట్టిలో చుక్క కొత్త నీరు పడలేదు. మరి వీటికి ఎవరు చెప్పారు?

లోచ్‌లకు వాన కబురు ముందే తెలుస్తుందన్న మాట పాతదే. ఐరోపాలో బురద లోచ్ ఒకటుంది. దాన్ని గాజు సీసాలో వేసి ఇంట్లో పెట్టుకునేవాళ్లు. అది కుదురుగా ఉంటే ఎండ, గిలగిలలాడితే వాన అని లెక్క. దానికి వాతావరణ చేప అనే పేరే ఉంది. మన పల్లెల్లో చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వానొస్తుందని అనుకోమూ, అలాంటిదే.

దీని వెనక ఉన్న ఏర్పాటు చక్కనిది. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది కదా, నీళ్లలో తేలడానికి. బొచ్చె, లోచ్, జెల్ల వంటి చేపల్లో ఆ తిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంది. 1820లో వేబర్ అనే జర్మన్ ఆయన దాన్ని వర్ణించాడు. నీటిలో శబ్దం తిత్తిని కదిపితే, ఆ కదలిక ఎముకల మీదుగా చెవికి చేరుతుంది. లోచ్‌లలోనైతే తిత్తి ముందు భాగం ఎముక గూట్లో ఇమిడి ఉంటుంది, ఆ గూటికి పక్కల చర్మం వైపు కిటికీలుంటాయి. డబ్బాలో పెట్టిన బుడగ అనుకోండి. పాతకాలపు బారోమీటరు విప్పి చూస్తే లోపల గాలి తీసేసిన పల్చటి రేకు డబ్బా ఒకటి ఉంటుంది. గాలి ఒత్తిడి మారితే ఆ రేకు కదులుతుంది. నాకు ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలనిపిస్తుంది.

కానీ ఇక్కడొక చిక్కుంది. దాన్ని దాటవేసి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. గాలి ఒత్తిడిని హెక్టోపాస్కల్స్‌లో కొలుస్తారు. సముద్రమట్టం దగ్గర మామూలుగా 1013 చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క హెక్టోపాస్కల్ అంటే నీళ్లలో ఒక్క సెంటీమీటరు లోతు. గాలివాన వస్తూ ఒత్తిడి పది తగ్గిందనుకుందాం, అది పది సెంటీమీటర్ల నీళ్లంత. మా అబ్బాయి తొట్టి లోతు 40 సెంటీమీటర్లు. అడుగు నుంచి పైకి ఒక్కసారి వచ్చి గాలి మింగి వెళ్లే చేప ఆ కాస్త దూరంలోనే 40 హెక్టోపాస్కల్స్ తేడా చూస్తుంది! ఆ గాలివాన తెచ్చే మార్పు దాని ఈతలో ఒక మూలకు రాదు. మరి ఎలా తెలుస్తుంది?

నాకు తోచేది ఇది. ఈదే చేపకు తెలియకపోవచ్చు, పడుకున్న చేపకు తెలుస్తుంది. రాయి కింద కదలకుండా ఉన్నప్పుడు తాను పైకి పోవడం లేదు, కిందికి పోవడం లేదు, అయినా తిత్తి మీద బరువు గంటగంటకూ తగ్గుతోంది. మంచం మీద పడుకున్నవాడికి ఇల్లు మెల్లగా పైకి లేస్తున్నట్టు. కదలని బతుకు బతికే చేపే మంచి బారోమీటరు కావడం నాకు ఎంతో సమంజసంగా కనిపిస్తుంది.

వాన పడిన మర్నాడు 17, శ్రీరామనవమి. పానకం, వడపప్పు అయ్యాక మా అబ్బాయి తొట్టి పని పట్టాడు. దానికి ముందు ఆరేడు వారాలు ఊరి నుంచి మేం రావడం, పండగలు, ఆఫీసు పని, అన్నీ కలిసి నీళ్లు మార్చడం కుదర్లేదట. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది, తొట్టి నీళ్లు ఆవిరై నాలుగు వేళ్లు దిగిపోయాయి. ఆవిరయ్యేది నీరొక్కటే. లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి, ఉప్పుమడిలో ఉన్నట్టు. అంటే ఆ వారాలన్నీ తొట్టిలో నడిచింది ఎండాకాలం. నీళ్లు తగ్గుతూ, చిక్కబడుతూ.

ఇక పోసిన నీళ్లు ఎలాంటివి? అల్ ఐన్ అంటే అరబ్బీలో ఊట అని అర్థం. ఇక్కడి ఫలజ్‌లు, అంటే భూమి కింద తవ్వి ఊటనీటిని తోటలకు నడిపించిన కాలవలు, దాదాపు 3000 ఏళ్ల నాటివి కూడా బయటపడ్డాయి. ఈ ఒయాసిస్సులను 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. అయితే ఇప్పుడు ఇళ్ల కొళాయిల్లో వచ్చేది ఊటనీరు కాదు. ఫుజైరా తీరాన సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి, పెద్ద గొట్టాల్లో కొండలు దాటించి తెచ్చిన నీరు. సముద్రం నుంచి మంచినీరు. వాన చేసే పనినే మనుషులు యంత్రంతో చేశారు. కాబట్టి అది తేలిక నీరు. పైగా డాబా మీది ట్యాంకు. ఎండాకాలంలో ఇక్కడ చన్నీళ్ల కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. గీజర్ ఆపేసి, నీడలో ఉన్న ఆ గీజర్ నీళ్లనే చన్నీళ్లుగా వాడుకుంటారు. ఆ రోజు మాత్రం రాత్రంతా వానలో తడిసిన ట్యాంకు నీళ్లు చల్లగా దిగాయి. సగం తొట్టి ఖాళీ చేసి ఆ నీళ్లు పోశాడు, నిదానంగా.

ఒకసారి చేప వైపు నుంచి చూడండి. వారాల తరబడి చిక్కబడిన నీరు. ఒత్తిడి తగ్గింది. ఆనక చల్లటి, తేలికైన కొత్త నీరు, మట్టం పెరిగింది. బడికి పోకుండా ఇంట్లో ఉన్న పిల్ల ప్రేమ కొద్దీ రోజుకు రెండుసార్లు బ్లడ్‌వార్మ్స్ వేసింది, తిండి దండి. ఈ చేపలుండే సుమత్రా, బోర్నియో చిత్తడి అడవుల్లో వానలు దిగితే జరిగేది అదే వరసలో ఇదే.

18 తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి హాల్లోకి వెళ్లాను. తొట్టి మీద తేలే అంతరతామర వేళ్ల మధ్య రెండు చేపలు తాడు పేనినట్టు చుట్టుకుని వణుకుతున్నాయి. విడిపోయాయి, మళ్లీ చుట్టుకున్నాయి. పోట్లాట అనుకుని మళ్లీ వెళ్లి పడుకున్నాను. కానీ వానకు వారం ముందే మనవరాలు ఒక చేపను చూపించి, "దీని కడుపులో పెసలున్నాయి" అంది. నిజమే, పక్క నుంచి చూస్తే చర్మం గుండా ఆకుపచ్చ మెరుపు కనిపించింది. కూలీ లోచ్ గుడ్లు పచ్చగానే ఉంటాయి, నిండు చూలాలి ఒంట్లోంచి బయటికి కనిపిస్తాయి కూడా.

ఈ చిన్న గమనిక నాకు చాలా విలువైనదిగా తోచింది. వానకు వారం ముందే గుడ్లున్నాయి. కాబట్టి గుడ్లు తయారుచేసింది వాన కాదు. తయారై ఆగి ఉన్నవాటికి గేటు తీసింది.

ఆ గేటు సంగతి మా కైకలూరు వైపు ఏ హేచరీ కుర్రవాణ్ణి అడిగినా చెబుతాడు. బొచ్చె, శీలావతి చెరువులో ఎంత బలిసినా, కడుపు నిండా గుడ్లున్నా, అక్కడ పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి. ఒకప్పుడు చెరువులకు సీడ్ కావాలంటే వరద రోజుల్లో నదుల్లో వలేసి పట్టుకోవలసిందే. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి ఆ తాళం తీశారు. ఇంకో చేప తలలోని పీయూష గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి బొచ్చె వంశపు చేపల చేత గుడ్లు పెట్టించారు. నేడు కొల్లేటి చుట్టూ చెరువులన్నీ నిలబడింది ఆ సూది మొన మీద. అందుకే జులై 10న దేశమంతా చేపల రైతుల దినం జరుపుకుంటారు.

తర్వాత లోతుగా తవ్వితే తెలిసిందేమిటంటే, ఈ వంశం చేపల మెదడులో రెండు కబుర్లు నడుస్తుంటాయి. ఒక హార్మోన్ పీయూష గ్రంథితో "ఇక కానివ్వు" అంటుంది. డోపమైన్ అనే ఇంకో రసాయనం "ఉండు, ఇప్పుడే కాదు" అని పట్టుకుంటుంది. వరద, చల్లదనం, తోడు, అన్నీ అమరితేనే ఆ పట్టు సడలుతుంది. అందుకని ఇప్పుడు హేచరీల్లో వాడే ఇంజెక్షన్లో రెండు మందులు కలిపి ఉంటాయి. ఒకటి "కానివ్వు" చెప్పే హార్మోన్ నకలు. రెండోది డోంపెరిడోన్, డోపమైన్‌ను అడ్డుకునేది. వాంతులైతే డాక్టరు రాసే మందులో ఉండేది కూడా ఆ డోంపెరిడోనే! మా కోడలు మందుల డబ్బాలోంచి ఆ స్ట్రిప్ తీసి చూసుకుని, కాసేపు మాట్లాడలేదు.

ఇదే వంశంలో తీరు వేరైన చేప ఒకటి ఉంది, క్లౌన్ లోచ్. నారింజ ఒంటి మీద మూడు నల్ల పట్టీలు, అక్వేరియం కొట్లలో అందరూ మొదట చూసేది అదే. బోర్నియో, సుమత్రా నదుల్లోది. దాని పుట్టిల్లయిన నదుల్లో ఒకదాని పేరు మూసీ. అవును, సుమత్రాలోనూ ఒక మూసీ ఉంది, పాలెంబాంగ్ ఊరి మధ్య నుంచి పారుతుంది. క్లౌన్ లోచ్ అడుగు పొడవు పెరుగుతుంది, ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. లక్షల ఇళ్లలో పెరుగుతోంది. అయినా ఇళ్లలో తనంత తాను పిల్లల్ని పెట్టడం అరుదులోకెల్లా అరుదు. పెద్దయ్యేందుకు ఏళ్లు కావాలి, వానాకాలంలో నదికి ఎదురెక్కి పోవాలి. ఎంత పెద్ద తొట్టయినా దానికి ఎదురెక్కే నది కాలేదు. పెంపకందారులు హార్మోన్ సూది వేసి కొన్నిటిని పుట్టిస్తారు, మిగతావి నదుల్లో పట్టిన పిల్లలే. కూలీ లోచ్‌కు అంత ప్రయాణం అక్కర్లేదు. ఆకులు కుళ్లిన నిలవ నీటిలో, ఉన్నచోటే వాన వస్తే చాలు. అందుకే తొట్టిలో దాని వానాకాలం పట్టింది.

మరి పిల్లలు ఫిల్టర్లోకి ఎలా వెళ్లాయి? గుడ్లు వందల్లో రాలి ఉంటాయి, చాలావరకు తొట్టిలోని వాళ్లే తినేసి ఉంటారు, కన్నవాళ్లతో సహా. చేపలకు అది మామూలు. కొన్ని గుడ్లో, గుడ్డు విడిచిన నలుసులో ఫిల్టర్ లాగే నీటితో పాటు లోపలికి పోయాయి. అక్కడ చీకటి. పెద్ద చేపలు లేవు. స్పాంజి నిండా మడ్డి, మడ్డి నిండా కంటికి కనపడని ప్రాణులు, ఎప్పుడూ పారే ప్రాణవాయువున్న నీరు. మనకు చెత్తబుట్ట, వాటికి పురిటిగది. కూలీ లోచ్ పిల్లలు ఫిల్టర్లోనో, గులకరాళ్ల పలక కిందనో దొరకడం ప్రపంచమంతా చేపలు పెంచేవాళ్లకు ఎదురయ్యేదే. వియత్నాం కొండవాగుల లోచ్‌లైతే ఇంకా విచిత్రం. బల్లపరుపుగా రాయికి అతుక్కుని ఉండే ఆ చేపల పిల్లలు ఒక రోజు ఉదయం గాజు మీద గోరంత నీడల్లా కనిపిస్తాయి. గులకల్లో గుంట చేసి గుడ్లు పెట్టిన సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఈ ఎడారికీ సొంత మంచినీటి చేపలున్నాయి, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఒకదాని శాస్త్రనామంలో అల్ ఐన్‌ను ఆనుకుని సరిహద్దు అవతల ఉన్న బురైమీ ఊరి పేరుంది. 1956లో పెట్టారు. వాగుల మడుగుల్లో, ఫలజ్ కాలవల్లో ఉంటుంది. ఒమన్‌లో అల్ హూతా గుహ చీకట్లో దాని గుడ్డి బంధువులూ ఉన్నాయి. మేలో ఒక సాయంత్రం ఒయాసిస్సు కాలవ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజు చేప కనపడలేదు. ఖర్జూరం నీడలు కనిపించాయి.

ఇంటికొచ్చాక నా మనవరాలు పట్టుకున్న ప్రశ్న ఇది: "ఒత్తిడి వల్లా, చల్లనీళ్ల వల్లా, నేను ఎక్కువ వేసిన తిండి వల్లా? ఏది?" చెప్పలేమన్నాను. మూడూ ఒక్క వారంలో వచ్చిపడ్డాయి. పులుసులో ఉప్పూ పులుపూ కారం ఒకేసారి మార్చి, రుచి దేనివల్ల వచ్చిందంటే ఎవరు చెబుతారు? ఒక్కొక్కటి విడిగా మార్చి చూడాలి. అందుకని ఒక నోటు పుస్తకం పెట్టించాను. రోజూ ఫోన్‌లో గాలి ఒత్తిడి, తొట్టి వెచ్చదనం, నీటి మట్టం, ఎంత తిండి, చేపలు ఎక్కడున్నాయి. గీతలు తనే కొట్టుకుంది. జూన్‌లో నేను ఊరికి వచ్చేశాను.

చలికాలంలో ఒక రాత్రి ఫోన్. "తాతయ్యా, పొద్దుట్నుంచి ఒత్తిడి ఆరు తగ్గింది. బయట మబ్బు. అన్నీ గాజు వెంట ఎక్కి దిగుతున్నాయి. ఒకదాని కడుపు పచ్చగా ఉంది. నాన్న నీళ్లు మారుస్తానంటున్నాడు, మార్చమననా?"

"వద్దు" అన్నాను. "ఈసారి నీళ్లు ముట్టుకోవద్దు. తిండి కూడా మామూలే. పుస్తకం దగ్గర పెట్టుకుని చూస్తూ ఉండు."